లాగ్‌బుక్‌లో ఒక సున్నా

ఎండీ తర్వాత చేసే డీఎం కార్డియాలజీ మూడో సంవత్సరంలో ఉండగా నేను గుండె లయ లోపాలను చూసే ఎలక్ట్రోఫిజియాలజీ (ఈపీ) ఫెలోషిప్ దరఖాస్తులు నింపడం మొదలుపెట్టాను. వాటిలో ఒక గడి దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. ఎలక్ట్రోఫిజియాలజీ పరీక్షలు, అబ్లేషన్లు ఇప్పటివరకు ప్రైమరీ ఆపరేటర్‌గా ఎన్ని చేశారు అని ఆ గడి అడుగుతుంది. నా లాగ్‌బుక్ ప్రకారం దానికి జవాబు సున్నా. పక్క గడుల్లో చెప్పుకోదగిన అంకెలే ఉన్నాయి. యాంజియోగ్రామ్‌లు 900 దాటాయి, స్వయంగా చేసిన యాంజియోప్లాస్టీలు 180 వరకు ఉన్నాయి, శాశ్వత పేస్‌మేకర్లు 46, తాత్కాలిక పేస్‌మేకర్లు ఎన్ని వేశానో లెక్క పెట్టుకోవడం రెండో సంవత్సరంలోనే మానేశాను. నేను ఏ పని నేర్చుకోవడానికి వెళ్ళాలనుకుంటున్నానో సరిగ్గా ఆ పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం పక్కన నిలబడి చూసినవి 34, చేయి అందించినవి 6, స్వయంగా చేసినది ఒక్కటీ లేదు.

దీనికి కారణం సులువుగానే చెప్పవచ్చు. మా ఆసుపత్రిలో ఈపీ ల్యాబ్ లేదు. ఉన్న ఒక్క క్యాథ్‌ల్యాబ్ పొద్దున మొదలుకొని రాత్రి దాకా గుండెపోటు రోగులతోనే సరిపోయేది. రెండు నెలలకొకసారి హైదరాబాదు నుంచి ఒక ఎలక్ట్రోఫిజియాలజిస్టు వచ్చేవారు. ఆయన వచ్చే రోజు తెల్లవారుజామునే కంపెనీ వాళ్ళు రికార్డింగ్ సిస్టమ్‌ను, అబ్లేషన్ జనరేటర్‌ను వ్యానులో తెచ్చి దించేవారు. ఆ రోజుకు కూడబెట్టి ఉంచిన నలుగురైదుగురు రోగులకు చికిత్స ముగించుకొని ఆయన రాత్రి రైలుకు తిరిగి వెళ్ళేవారు. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని, అంత తక్కువ వ్యవధిలో, క్యాథెటర్ నా చేతికి ఇవ్వమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఇవ్వమన్నా ఇవ్వకూడదనే ఇప్పుడు అనిపిస్తుంది.

వైద్యులు కాని పాఠకులు కూడా ఈ బ్లాగు చదువుతారు కనుక ఆ పని ఏమిటో కొంచెం చెబుతాను. గుండెలో రక్తనాళాల సంగతి ఒకటైతే, గుండెను క్రమంగా కొట్టుకునేలా చేసే విద్యుత్ సంకేతాల సంగతి మరొకటి. కుడి కర్ణిక పైభాగాన ఉన్న సైనస్ నోడ్‌లో పుట్టిన సంకేతం, కర్ణికలకూ జఠరికలకూ నడుమ ఉన్న ‘ఏవీ నోడ్’ దగ్గర ఒక్క క్షణం నిదానించి, హిస్ బండిల్ అనే తంతువుల కట్ట గుండా జఠరికలకు చేరుతుంది. ఈ దారిలో ఎక్కడైనా అడ్డంకి ఏర్పడితే పేస్‌మేకర్ అవసరమవుతుంది. ఉండకూడని పక్కదారి ఉంటే సంకేతం సుడిలాగా తిరుగుతూ గుండెను నిమిషానికి 180, 200 సార్లు పరుగెత్తిస్తుంది. తొడ దగ్గరి సిర గుండా సన్నని క్యాథెటర్లను గుండెలోకి పంపి, ఆ సుడి ఎక్కడ తిరుగుతున్నదో కనిపెట్టి, ఆ చోటును రేడియోతరంగాల వేడితో మాడ్చివేయడమే అబ్లేషన్. మాడ్చడం చివరి నిమిషాల పని, మిగిలిన సమయమంతా కనిపెట్టడానికే పడుతుంది.

ఆ కనిపెట్టే పద్ధతే నన్ను పట్టుకుంది. యాంజియోగ్రామ్‌లో పూడిక కంటికి కనబడుతుంది, దాన్ని వాదించి నిరూపించవలసిన అవసరం చాలాసార్లు ఉండదు. ఈపీ ల్యాబ్‌లో కనబడేవి గీతలు మాత్రమే, వాటి మధ్య దూరం మిల్లీసెకన్లలో ఉంటుంది. మా నాన్న తెనాలి దగ్గర కాలువ కింద వరి పండించేవారు. చేనులో ఎక్కడో నీళ్ళు ఊరుతుంటే అవి ఏ బోదె నుంచి వస్తున్నాయో తెలుసుకోవడానికి ఆయన ఒక మడవ కట్టి, చేను అవతలి గట్టు మీద కూర్చుని చూసేవారు. తగ్గకపోతే ఆ మడవ విప్పి ఇంకొకటి కట్టేవారు. టాకికార్డియా, అంటే ఆ అతివేగపు లయ, నడుస్తుండగా జఠరిక నుంచి దానికన్నా కొంచెం వేగంగా పేసింగ్ చేసి (క్యాథెటర్‌తో విద్యుత్ ప్రేరణలిచ్చి), హఠాత్తుగా ఆపి, తర్వాత ఏ గదిలో సంకేతం ముందు వచ్చిందో చూడటం నేను మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ గట్టే గుర్తుకు వచ్చింది.

అయితే నిర్ణయం గట్టిపడింది ఒక రోగి వల్ల. మిర్చి కోల్డ్ స్టోరేజీ దగ్గర కాయల తొడిమలు తీసే పని చేసే ముప్ఫై నాలుగేళ్ళ స్త్రీ ఆమె. పదకొండేళ్ళుగా ఉన్నట్టుండి గుండె దడ మొదలయ్యేది, అరగంటో గంటో ఉండి, మొదలైనంత హఠాత్తుగా ఆగిపోయేది. ఒకరు గ్యాస్ అన్నారు, మరొకరు నరాల బలహీనత అన్నారు, ఇంకొకరు పెళ్ళయ్యాక వచ్చే దిగులు అన్నారు, అత్తగారు తాయెత్తు కట్టించారు. ఆసుపత్రికి చేరేలోగా దడ ఆగిపోయేది కనుక తీసిన ప్రతి ఈసీజీ మామూలుగానే ఉండేది, ఆ మామూలు ఈసీజీలన్నీ ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పేవి. ఒక రాత్రి నేను క్యాజువాలిటీలో ఉండగా దడ ఆగకముందే ఆమె వచ్చింది. గుండె వేగం 190, ఈసీజీలో జఠరికల స్పందనను చూపే క్యూఆర్ఎస్‌లు సన్నగా, గడియారంలాగా సమంగా ఉన్నాయి. ఏవీ నోడ్‌ను కొన్ని క్షణాలు ఆపే అడినోసిన్ మందు 6 మిల్లీగ్రాములు ఇచ్చి, వెంటనే సెలైన్ తోసిన తర్వాత మానిటర్‌పై గీత కొన్ని సెకన్లు చదునుగా సాగి మళ్ళీ మామూలు లయలో పడింది. ప్రాణం పోయి వచ్చినట్టయింది సార్ అని ఆమె అన్నది. నేను ఆ ఈసీజీ కాగితాన్ని ఆమె చేతికే ఇచ్చి, ఇది పోగొట్టుకోవద్దమ్మా, ఇన్నేళ్ళుగా నువ్వు చెబుతున్నది నిజమే అని ఇందులో ఉంది అన్నాను. తర్వాతి నెలలో హైదరాబాదు డాక్టరు గారు వచ్చినప్పుడు ఏవీ నోడ్ పక్కన ఉన్న స్లో పాత్‌వేను, అంటే సంకేతం నిదానంగా నడిచే పక్కదారిని, అబ్లేషన్ చేశారు. మొత్తం గంట లోపే అయిపోయింది. క్యాథెటర్లు లోపలికి వెళ్ళే గొట్టాన్ని (షీత్) పట్టుకున్నది నేనే. ఆ ఆరు ‘చేయి అందించిన’ కేసుల్లో అది మొదటిది.

ఈ రంగానికే వెళతానని చెప్పినప్పుడు వచ్చిన స్పందనలు దాదాపు ఒకేలాగా ఉన్నాయి. జిల్లాల్లో ఈపీ ల్యాబ్ ఎక్కడుంది, తిరిగి వచ్చి చివరికి స్టెంట్లే వేసుకోవాలి కదా అని సహచరులు అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. గుండె లోపలి విద్యుత్ దారుల పటం గీసే త్రీడీ మ్యాపింగ్ పరికరాలు, వాటితో వాడే క్యాథెటర్లు చాలా ఖరీదైనవి. పెట్టుబడి పెట్టే యాజమాన్యం నెలకు ఎన్ని కేసులు వస్తాయని అడుగుతుంది, రోగులేమో ల్యాబ్ ఉన్న చోటుకే వెళతారు. ఇంట్లో అమ్మ ఒకే ప్రశ్న అడిగింది: “ఇంకా చదువేనా నాన్నా?” ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర ఏళ్ళు, ఎండీ మూడు, డీఎం మూడు, మధ్యలో పరీక్షల తయారీకి పోయిన సంవత్సరాలు వేరు. ముప్ఫై మూడేళ్ళవాడు ఇంకో రెండేళ్ళు శిక్షణ అంటే ఆ ప్రశ్న అడగకుండా ఎలా ఉంటుంది?

ఎక్కడికి దరఖాస్తు చేయాలన్నది తర్వాతి సంగతి. అమెరికా విషయం ఒక సాయంత్రంలో తేలిపోయింది. అక్కడ క్లినికల్ కార్డియాక్ ఎలక్ట్రోఫిజియాలజీ రెండేళ్ళ ఫెలోషిప్, కానీ దానికి అర్హత సాధారణంగా ఆ దేశపు గుర్తింపు పొందిన కార్డియాలజీ శిక్షణ పూర్తి చేసినవారికే ఉంటుంది. మన డీఎంను ఆ లెక్కలోకి తీసుకోరు. అక్కడి లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈ రాసి, ఇంటర్నల్ మెడిసిన్ మూడేళ్ళు, కార్డియాలజీ మూడేళ్ళు మళ్ళీ చేసి, ఆ తర్వాత ఈపీ రెండేళ్ళు అంటే, ప్రతిదీ మొదటి ప్రయత్నంలోనే దక్కినా ఎనిమిదేళ్ళు. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆ దారి పట్టినవారిని నేను తప్పుపట్టను, నాకు మాత్రం అది దారి కాదు. బ్రిటన్‌లో విదేశీ వైద్యుల శిక్షణకు ఉన్న మెడికల్ ట్రైనింగ్ ఇనీషియేటివ్ కింద గరిష్ఠంగా రెండేళ్ళు పనిచేసే వీలుంది, ఆస్ట్రేలియాలో కూడా పెద్ద ఈపీ కేంద్రాలు విదేశీ ఫెలోలను తీసుకుంటాయి. రెండు చోట్లకూ ఉత్తరాలు రాశాను, కానీ నా మనసు ఉన్నది కెనడా మీద, మన దేశంలోని కేంద్రాల మీద.

కెనడాలో టొరంటో, లండన్, హామిల్టన్, ఒట్టావా, మాంట్రియల్, క్యాల్గరీ, వాంకూవర్ వంటి చోట్ల ఈపీ ఫెలోషిప్‌లు ఉన్నాయి, స్వదేశంలో కార్డియాలజిస్టుగా అర్హత పొందినవారిని వాళ్ళు క్లినికల్ ఫెలోలుగా తీసుకుంటారు. ఇక్కడ లండన్ అంటే ఒంటారియోలోని లండన్. ఈ శాఖలో ఉన్నవారికి ఇంగ్లండు లండన్‌కన్నా ఆ ఊరే ముందు గుర్తుకు వస్తుంది, ఎందుకంటే పుట్టుకతో వచ్చే అదనపు విద్యుత్ దారి వల్ల కలిగే వోల్ఫ్-పార్కిన్సన్-వైట్ సిండ్రోమ్‌కు సంబంధించిన అధ్యయనాలకు, క్యాథెటర్ అబ్లేషన్ రాక ముందరి రోజుల్లో జరిగిన శస్త్రచికిత్సలకు అది పేరుపొందిన కేంద్రం. ఈ ఫెలోషిప్‌లకు ఉమ్మడి పరీక్ష గాని, ర్యాంకు గాని లేవు. ఒక్కొక్క ప్రోగ్రామ్‌కు నేరుగా రాయాలి, చాలాచోట్ల చేరవలసిన తేదీకి ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ ముందే. ఈ సంగతి తెలియక నేను మొదటి ఏడాది పోగొట్టుకున్నాను. మరో ముఖ్యమైన సంగతి డబ్బు. కొన్ని స్థానాలకు జీతం ఉంటుంది. కొన్ని స్థానాలకు అభ్యర్థే నిధులు తెచ్చుకోవాలి, గల్ఫ్ దేశాల నుంచి వచ్చేవారికి వారి ప్రభుత్వాలే ఆ ఖర్చు భరిస్తాయి కనుక అలాంటి స్థానాలు వారితో నిండుతాయి. ప్రకటనలో ‘ఫండింగ్’ అన్న మాట ఎలా రాశారో మూడుసార్లు చదవండి.

మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ, వేలూరులోని సీఎంసీ వంటివి డీఎం తర్వాత ఈపీలో పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ ఇస్తాయి. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు, ఢిల్లీ నగరాల్లోని కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా ఈ శిక్షణ ఉంది. ఒక్కో చోట ఉండే స్థానాలు ఒకటో రెండో. డీఎం సీట్ల కోసం రాసే నీట్ ఎస్ఎస్ వంటి పరీక్షకు వేలమందితో పోటీపడి వచ్చిన మాకు ఒక్క స్థానానికి ఏడుగురు అభ్యర్థులు ఒకే బెంచీ మీద కూర్చుని ఉండటం వింతగా ఉంటుంది. ఆ ఏడుగురిలో ముగ్గురు అప్పటికే ఒకరికొకరు పరిచయస్తులై ఉంటారు.

కాగితాల గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన చిక్కులు ఇక్కడే ఎదురవుతాయి. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంది. ఎంబీబీఎస్ పట్టాలో ఆ అక్షరం పూర్తి ఇంటిపేరుగా విస్తరించింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ‘సర్‌నేమ్’ గడిలోకి, మిగిలిన రెండు పదాలూ కలిసి ఒక పదంగా ‘గివెన్ నేమ్’ గడిలోకి వెళ్ళాయి. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో ఇంటిపేరు చివరికి చేరింది. కెనడా వైద్యమండలి వారి ద్వారా డిగ్రీలను మూలసంస్థతో సరిచూపించవలసి వచ్చినప్పుడు ఈ నలుగురూ ఒకే మనిషి అని నోటరీ అఫిడవిట్‌తో చెప్పుకోవలసి వచ్చింది. దీనికి తోడు విజయవాడలోని మన ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో మారి, 2024లో మళ్ళీ పాత పేరు వచ్చింది. నా ఎంబీబీఎస్ పట్టా మీద ఒక పేరు, డీఎం చదువుతుండగా తీసుకున్న ధ్రువపత్రాల మీద రెండో పేరు, డీఎం పట్టా మీద మళ్ళీ మొదటి పేరు. ఇవి మూడు విశ్వవిద్యాలయాలు కావని చెబుతూ ఒక పేజీ వివరణ రాసి జతచేశాను. రాజకీయాల జోలికి పోకుండా ఆ పేజీ రాయడం దరఖాస్తు మొత్తంలోకీ సున్నితమైన రచన అని నా స్నేహితుడు ఇప్పటికీ అంటాడు. మీలో ఎవరైనా ఈ ప్రయత్నంలో ఉంటే పాస్‌పోర్టులోని పేరునే ప్రమాణంగా పెట్టుకొని, ఇంటర్న్‌షిప్ ముగిసే నాటికే మిగిలిన కాగితాలను దానికి దగ్గరగా సరిచేయించుకోండి.

ఉద్దేశపత్రం సంగతి వేరు. పదిహేనేళ్ళ చదువులో నన్ను ఎవరూ ‘ఎందుకు’ అని అడగలేదు. ర్యాంకు వచ్చింది, సీటు దొరికింది, చేరాను, అంతే. ఇప్పుడు ఒక్క పేజీలో ఎందుకో చెప్పమంటే చేతికి వచ్చినవన్నీ అరువు మాటలే. నా మొదటి చిత్తుప్రతి ఐంతోవెన్‌తో మొదలైంది. ఈసీజీకి ఆయనకు 1924లో నోబెల్ బహుమతి వచ్చిందని, 1967లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డ్యూరర్, వెల్లెన్స్ బృందం గుండెకు లెక్కప్రకారం ప్రేరణలిచ్చి టాకికార్డియాను పుట్టించి ఆపగలిగిందని, 1969లో షెర్లాగ్ క్యాథెటర్‌తో హిస్ బండిల్ సంకేతాన్ని నమోదు చేశాడని, 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో హైసాగెర్ ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు (కర్ణికలు లయ తప్పి అదిరే స్థితికి) మూలం పల్మనరీ సిరల్లో ఉందని చూపాడని వరుసగా రాశాను. చివర్లో ఈ మహనీయుల అడుగుజాడల్లో నడవాలన్నది నా చిరకాల వాంఛ అని ముగించాను. నాకన్నా రెండేళ్ళ ముందు ఇదే దారిలో వెళ్ళిన సీనియర్ అన్నకు పంపితే ఆయన ఒక్క వాక్యంలో జవాబిచ్చారు: “హైసాగెర్ ఎవరో వాళ్ళకు తెలుసు, నువ్వెవరో తెలియదు.”

రెండో ప్రతి పూర్తిగా మార్చి రాశాను. మిర్చి తొడిమలు తీసే ఆమెతో మొదలుపెట్టాను. పదకొండేళ్ళలో ఆమెకు తీసిన ఈసీజీలన్నీ మామూలుగా ఎందుకు ఉన్నాయో, ఆ రాత్రి ఒక్క కాగితం ఎందుకు పనికివచ్చిందో రాశాను. రెండో పేరాలో మా ఆసుపత్రిలో ఏమి లేదో, ఆ లేమి వల్ల నాకు ఏమి రాదో రాశాను. మూడో పేరాలో తిరిగి వచ్చి ఏమి చేయాలనుకుంటున్నానో రాశాను. కోస్తా జిల్లాల్లో ఎక్కడైనా సరే, వారానికి రెండు రోజులైనా నడిచే ఈపీ సేవ మొదలుపెట్టాలని, త్రీడీ మ్యాపింగ్ లేకుండా చేయగలిగే మామూలు ఎస్‌వీటీ (ఆమెకు వచ్చినటువంటి దడ) అబ్లేషన్లతో, గుండెకు సహజంగా ఉన్న హిస్-పుర్కింజీ విద్యుత్ దారినే పట్టుకొని చేసే పేసింగ్‌తో ఆరంభించాలని రాశాను. ఈ రెండింటికీ కావలసిన పరికరాలు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అబ్లేషన్‌కు కావలసినంత ఖరీదైనవి కావు, అవసరమున్న రోగులు మాత్రం మా ఓపీలో ప్రతి వారం కనబడతారు. మూడు పేరాలూ కలిపి ఒక్క పేజీ. ఆ పేజీకి ఐదు వారాలు పట్టింది.

సిఫారసు ఉత్తరాలు మూడు కావాలి. మన దగ్గర ఆనవాయితీ ఏమిటో చదివేవారిలో చాలామందికి తెలుసు. పెద్ద సార్ దగ్గరికి వెళ్ళి విషయం చెబితే ఆయన ఎంతో వాత్సల్యంతో, “నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను” అంటారు. ఇద్దరు అలాగే అన్నారు. నన్ను నేను అసాధారణ ప్రతిభావంతుడని ‘ఇతడు’ అంటూ పొగుడుకోవడం ఒక ఇబ్బంది అయితే, ముగ్గురి ఉత్తరాల్లోనూ ఒకే మనిషి ఇంగ్లీషు కనబడటం ఇంకా పెద్ద ఇబ్బంది. ఈ ఉత్తరాలు ఏడాదికి వందల కొద్దీ చదివేవారు అది పసిగట్టరని అనుకోవడం అమాయకత్వం. మూడో ఆయన మా యూనిట్‌లో అసోసియేట్ ప్రొఫెసర్, మాటలు తక్కువ మనిషి. ఆయనను మాత్రం ధైర్యం చేసి, సార్, పొడుగు అక్కర్లేదు, మీకు నా గురించి తెలిసినది మీ మాటల్లోనే నాలుగు వాక్యాలు రాయండి అని అడిగాను. ఆయన నిజంగానే ఏడెనిమిది వాక్యాలు రాసి, నాకు చూపకుండా నేరుగా పంపేశారు. అందులో ఏముందో ఇంటర్వ్యూలో తెలిసింది.

లాగ్‌బుక్ దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆ సున్నా చూసి ఒక శ్రేయోభిలాషి, చేయి అందించిన ఆరింటిలో నాలుగు ప్రైమరీ కింద వేసుకో, ఎవరు లెక్క చూస్తారు అన్నారు. ఆ రాత్రి నేను ఆ నాలుగింటినీ మార్చి కూడా చూశాను, ఆ మాట దాచను. ఎక్సెల్ గడిలో సున్నా స్థానంలో నాలుగు కనబడితే పేజీ అంతా నిండుగా అనిపించింది. తర్వాత నన్ను నేనే ప్రశ్నించుకోవడం మొదలుపెట్టాను. ఆ నాలుగింటిలో ఏ క్యాథెటర్ ఎక్కడ పెట్టావు, హిస్ సిగ్నల్ దొరకనప్పుడు ఏమి చేశావు, రేడియోఫ్రీక్వెన్సీ వేడి ఇస్తుండగా ఏవీ నోడ్ దగ్గర పుట్టే జంక్షనల్ బీట్లు వచ్చినప్పుడు వాటి వెనుక ఏట్రియల్ (కర్ణిక) సిగ్నల్ తప్పిపోతే ఎంతలో కాలు జనరేటర్ పెడల్ మీద నుంచి తీశావు? ఈ చివరి ప్రశ్నకు చూసినవాడి జవాబు ఒకటి, చేసినవాడి జవాబు ఇంకొకటి. స్లో పాత్‌వే అబ్లేషన్‌లో పూర్తి హార్ట్ బ్లాక్ (సంకేతం జఠరికలకు అసలే చేరకపోవడం) నూటికి ఒకరి కన్నా తక్కువమందికే వస్తుంది, కానీ అది వచ్చే ఒక్కరికి జీవితాంతం పేస్‌మేకర్ అని అర్థం, ఆ భయం పెడల్ మీద కాలు పెట్టినవాడికే ఉంటుంది. సున్నాను మళ్ళీ సున్నాగా మార్చి, కింద ఒక పంక్తి చేర్చాను: చూసిన 34 కేసుల్లో ప్రతి ఒక్కదాని ట్రేసింగ్ (సంకేతాల గీతల నమోదు) నా దగ్గర కొలతలతో ఉంది. అది నిజం. రోగుల పేర్లు తొలగించి, ప్రతి కేసుకూ ఏహెచ్, హెచ్‌వీ వ్యవధులు (కర్ణిక నుంచి హిస్‌కు, అక్కడి నుంచి జఠరికకు సంకేతం చేరే సమయం), టాకికార్డియా సైకిల్ లెంగ్త్ (రెండు స్పందనల మధ్య వ్యవధి), పేసింగ్ తర్వాత వచ్చిన స్పందన ఒక నోటుపుస్తకంలో రాసుకునే అలవాటు నాకు మొదటి నుంచీ ఉంది.

కెనడాకు పంపిన తొమ్మిది దరఖాస్తుల్లో ఐదింటికి జవాబు రాలేదు. రెండు చోట్ల వచ్చే రెండేళ్ళ స్థానాలు నిండిపోయాయని మర్యాదగా రాశారు. ఒకరు జీతం లేని స్థానం ఇస్తామన్నారు. ఆ ఉత్తరం చూసి మా ఆవిడ, తాను బ్యాంకు ఉద్యోగి కనుక, అక్కడి అద్దె, బీమా, ఇక్కడి గృహరుణం వాయిదా మూడూ ఒక కాగితం మీద కూడి నా ముందు పెట్టింది. మేమిద్దరం ఆ కాగితం గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు. ఒక్కచోటి నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. మన దేశంలో రెండు చోట్ల ఇంటర్వ్యూకు వెళ్ళాను. ఒకచోట నా కన్నా స్పష్టంగా ఎక్కువ అర్హత ఉన్న అభ్యర్థికి వచ్చింది, రెండోచోట నిరీక్షణ జాబితాలో రెండోవాడిగా మిగిలాను.

కెనడా ఇంటర్వ్యూ మన సమయం రాత్రి తొమ్మిదిన్నరకు జూమ్‌లో జరిగింది. అవతల ముగ్గురు ఉన్నారు. పది నిమిషాల కుశలప్రశ్నల తర్వాత వారిలో పెద్దాయన స్క్రీన్ మీద ఒక ట్రేసింగ్ పెట్టారు. సన్నని క్యూఆర్ఎస్ టాకికార్డియా, సైకిల్ లెంగ్త్ 400 మిల్లీసెకన్లు. జఠరిక నుంచి 380 మిల్లీసెకన్ల వ్యవధితో పేసింగ్ చేసి ఆపారు. చివరి పేసింగ్ స్పందన తర్వాత వరుసగా రెండు ఏట్రియల్ సిగ్నళ్ళు, ఆ తర్వాత ఒక జఠరిక సిగ్నల్ ఉన్నాయి. పుస్తకం ప్రకారం వీ-ఏ-ఏ-వీ (వీ అంటే జఠరిక, ఏ అంటే కర్ణిక) వస్తే కర్ణికలోనే పుట్టే ఏట్రియల్ టాకికార్డియా అనాలి. నేను అలాగే అన్నాను, కొంచెం ఆత్మవిశ్వాసంతోనే అన్నాను. ఆయన ఏమీ అనకుండా ఆ రెండు ఏట్రియల్ సిగ్నళ్ళను కొలవమన్నారు. మొదటిది దాని ముందరి ఏట్రియల్ సిగ్నల్‌కు 380 దూరంలో ఉంది. రెండోది మొదటిదానికి ఎంత దూరంలో ఉందో చూస్తే అదీ 380. అంటే రెండో సిగ్నల్ కూడా పేసింగ్ వేగంతోనే నడిచింది. జఠరిక నుంచి కర్ణికకు సంకేతం చేరడానికే 380 కన్నా ఎక్కువ సమయం పడుతుండటం వల్ల, చివరి పేసింగ్ తర్వాత వచ్చిన మొదటి ఏట్రియల్ సిగ్నల్ అంతకు ముందరి పేసింగ్‌ది, రెండోదే చివరి పేసింగ్‌ది. అలా చూస్తే అది నిజానికి వీ-ఏ-వీ. పేరుకు ఏట్రియల్ టాకికార్డియాలాగా కనిపించిన అది అసాధారణ రకపు ఏవీ నోడల్ రీఎంట్రీ, అంటే ఏవీ నోడ్ దగ్గర తిరిగే సుడి కావచ్చు.

నేను తప్పు చెప్పాను, ఈ కొలత ముందే తీయవలసింది అన్నాను. ఇలాంటిది మీ నోటుపుస్తకంలో ఉందా అని ఆ ముగ్గురిలో ఉన్న ఒక ఆవిడ అడిగారు. లేదని చెప్పి, పదిహేడో కేసులో వీఏ వ్యవధి (జఠరిక నుంచి కర్ణికకు పట్టే సమయం) పొడుగ్గా ఉండటం గుర్తుందని, కానీ అప్పుడు నేను దాన్ని ఇలా కొలవలేదని, ఈ రాత్రే తీసి చూస్తానని అన్నాను. ఆవిడ నవ్వి, మీ అసోసియేట్ ప్రొఫెసర్ గారు మీ గురించి ఏమి రాశారో తెలుసా అని, నా అనుమతి తీసుకొని ఒక వాక్యం చదివి వినిపించారు. ఇతడు మా రెసిడెంట్లలో అందరికన్నా వేగవంతుడు కాదు, తప్పు చేస్తే మరుసటి రోజు ఉదయం దాని గురించి తానే వచ్చి అడుగుతాడు, ఒక్కోసారి విసుగు పుట్టేంతగా అడుగుతాడు అని ఆ వాక్యం సారం. ఆ ఉత్తరం పొగడ్తో తెగడ్తో నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు. ఆ రాత్రి పన్నెండు దాటాక పదిహేడో కేసు తీసి కొలిచాను, అది మామూలు వీ-ఏ-వీ. ఉదయం వారికి ఒక చిన్న మెయిల్ రాసి ఆ సంగతి చెప్పాను. రాయాలా వద్దా అని కూడా కొంతసేపు తటపటాయించాను. విసుగు పుట్టించే గుణం ఉందని ఉత్తరంలో చదివినవాళ్ళకు దాన్ని మర్నాడే రుజువు చేసినట్టవుతుందేమో అనిపించింది.

మూడు వారాల తర్వాత జీతంతో కూడిన రెండేళ్ళ స్థానం ఇస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. చేరడం జులై 1న. వారి ప్రావిన్సు నియమం ప్రకారం విదేశీ పట్టభద్రులకు మొదటి నాలుగు నుంచి పన్నెండు వారాలు పరిశీలన కాలం ఉంటుంది, అందులో సరిపోతామని వారు తేల్చిన తర్వాతే మిగిలిన ఫెలోషిప్. ఆ పరిశీలన సంగతి ఆఫర్ ఉత్తరంలో నాలుగో పేజీలో ఉంటుంది, చాలామంది దాన్ని చదవకుండానే ఇల్లు ఖాళీ చేస్తారు. మేము అద్దె ఒప్పందం ఇంకా రాసుకోలేదు. మొదట నేను ఒక్కడినే వెళ్ళి, ఆ గడువు దాటాక మా ఆవిడ సెలవు పెట్టి రావాలని అనుకున్నాము.

తిరిగి వచ్చాక ల్యాబ్ ఎక్కడ, ఎవరు పెడతారు అన్న సహచరుల ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మెయిల్ రాసి అడిగిన ఇద్దరు జూనియర్లకు కూడా అదే చెప్పాను, ఆ జవాబు లేకుండానే దరఖాస్తు చేయవచ్చని కూడా చెప్పాను. గత నెలలో ఆ కేంద్రం వారు చేరే ముందు లాగ్‌బుక్ తాజా ప్రతి పంపమన్నారు. పేస్‌మేకర్లు 46 నుంచి 58కి పెరిగాయి, చూసిన ఈపీ కేసులు 41 అయ్యాయి. మూడో గడిలో సున్నా అలాగే ఉంచి పంపించాను.